హెచ్‌ఐడీ కిట్‌కి పాత వైరింగ్ సరిపోతుందా?

శ్రీకాకుళం నుంచి ఒకరు అడిగారు: పాత కారులో 55 వాట్ల హాలోజెన్ హెడ్‌లైట్ బల్బు తీసి 35 వాట్ల హెచ్‌ఐడీ (ఫిలమెంట్ లేకుండా గ్యాస్‌తో వెలిగే బల్బు) వేస్తే, వాట్లు తగ్గాయి కదా, వైరింగ్ ముట్టుకోనక్కర్లేదా అని.

ముట్టుకోవాలండీ. 35 వాట్లనేది బల్బు పూర్తిగా వెలిగాక లెక్క, అప్పుడు ఒక్కోదానికి సుమారు 3 ఆంపియర్లు చాలు, కానీ స్విచ్ వేసిన మొదటి కొన్ని సెకన్లు బ్యాలస్ట్ (బల్బుకి కావలసిన వోల్టేజీ ఇచ్చే పెట్టె) దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. పాత సన్నని వైరు, అరిగిన స్విచ్ ఆ పోటు తట్టుకోలేవు. ఫ్యూజు కొట్టేస్తోందని పెద్దది మాత్రం వేయకండి, దయచేసి! అప్పుడు ఫ్యూజుకి బదులు వైరే కాలుతుంది.

రిలే హార్నెస్ తీసుకోండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్ (రిలే) ఉన్న రెడీమేడ్ వైర్ల సెట్. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, దానికి దగ్గర్లోనే సరైన ఫ్యూజుతో రావాలి. పాత హెడ్‌లైట్ వైరు రిలేని ఆన్ చేయడానికి మాత్రమే. ఎర్త్ వైరుని, కారు బాడీ మీద రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించండి. మన వైపు సముద్రపు గాలికి కనెక్టర్లు తొందరగా చిలుము పడతాయి, లైట్లు మినుకుమినుకుమనే కంప్లయింట్లు చాలావరకు అక్కడివే. బ్యాలస్ట్‌ని ఇంజిన్ వేడికీ నీళ్లకీ దూరంగా పెట్టండి. దాని నుంచి బల్బుకి వెళ్లే వైరులో వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకు పైనే ఉంటుంది, లైట్ ఆన్‌లో ఉండగా చెయ్యి పెట్టొద్దు.

ఇంకోటి, హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో హెచ్‌ఐడీ పెడితే వెలుగు చెదిరిపోయి ఎదుటివాళ్ల కళ్లు చీకట్లు కమ్ముతాయి. రాత్రి టెక్కలి రోడ్డు మీద బైకువాళ్లని తలచుకుని, ప్రొజెక్టర్ (లెన్సుతో వెలుగుని చెదరకుండా పంపే హెడ్‌లైట్) లేకపోతే మంచి హాలోజెనే ఉంచుకోండి.