ఉడుతలకు గింజలు దాచండి, చలికాలానికి మాత్రం కాదు

మిషిగన్‌లో ఉన్న ఆరేళ్ళూ మీరూ మీ పాపా అక్టోబరులో ఓక్ కాయలు ఏరి, డబ్బాల్లో దాచి, మంచు పడ్డాక పెరట్లోకి వచ్చే ఉడుతలకు వేసేవారని రాశారు. ఇప్పుడు నల్లగొండలో అమ్మమ్మగారింటికి వచ్చేశారు. ఇంటి ముందు వేప, వెనక నాటు బాదం. ఇక్కడ ఏ అడవి గింజలు ఏరాలి, చలికాలం దాకా ఎలా నిలవ చేయాలి అని పాప అడుగుతోంది. ఇదీ మీ ప్రశ్న.

నేను అచ్చంపేటలో ఉంటాను. పదకొండేళ్ళుగా పెరటి గోడ మీద ఉడుతలకు గింజలు పెడుతున్నాను. మొదటి రెండేళ్ళు నేనూ చలికాలానికే దాచాను. మంచులో ఉడుత, చేతిలో గింజ ఉన్న బొమ్మ ఏ పిల్లల పుస్తకంలో చూశానో గానీ, మన ఉడుతకూ అదే అవసరమనుకున్నాను. డిసెంబరులో పొద్దున గోడ మీద పోసిన గుప్పెడు పల్లీలు సాయంత్రానికి అలాగే ఉండేవి. చీమలు మాత్రం వరస కట్టేవి.

కారణం తెలియడానికి ఊరి బయటికి ఒకసారి నడిస్తే చాలు. నవంబరు దాకా సీతాఫలాలు. అవి అయిపోయేలోపు కందిచేలు కాయ పడతాయి, జొన్న కంకి పాలు పోసుకుంటుంది. సంక్రాంతి వరకూ రేగుపండ్లకు కొదవ లేదు. మన దగ్గర చలి గట్టిగా ఉన్నా అది రాత్రి పూట సంగతి, తొమ్మిదింటికల్లా ఎండెక్కుతుంది, ఉడుత చెట్టు దిగుతుంది. నేల మీద మంచు కప్పేసి తిండి దొరకని రోజంటూ దానికి ఉండదు.

అక్కడి బూడిదరంగు ఉడుత వేరు. అది అర కిలో బరువుండే జంతువు. చలికాలమంతా నిద్రపోదు, అందుకే ఆకురాలు కాలంలో ఒక్కొక్క కాయనూ ఒక్కొక్క చోట పాతిపెట్టి, తర్వాత తవ్వుకుని తింటుంది. తెల్ల ఓక్ కాయ రాలిన వెంటనే మొలకెత్తుతుంది కనుక దాన్ని ముందు తినేసి, వసంతం దాకా మొలవని ఎర్ర ఓక్ కాయను ఎక్కువగా దాస్తుంది. అంత లెక్క దానిది. మన మూడు చారల ఉడుత తూగితే వంద గ్రాములు. ఇన్నేళ్ళలో మా పెరట్లో అది గింజ పాతిపెట్టడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. వచ్చింది, తింది, వెళ్ళింది.

మరి దాని కరువు ఎప్పుడు? మార్చి చివరి నుంచి తొలకరి దాకా. చేలు బోడిగా ఉంటాయి, చెలకల్లో గడ్డి కూడా మాడిపోతుంది, ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. మా ఊళ్ళో ఆ రెండున్నర నెలలే ఉడుతలు గోడ వదలవు. మూడో ఏడు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గింజల గిన్నె పక్కన ఊరికే ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టాను. వచ్చిన ఉడుత పల్లీల మీదుగా నడిచి వెళ్ళి ముందు నీళ్ళు తాగింది. ముందరి కాళ్ళు మూకుడు అంచు మీద పెట్టి, తోక నిలబెట్టి, చాలాసేపు. ఆ రోజు నుంచి నా క్యాలెండరు మారింది. మీరూ పాపతో కలిసి మాఘంలో సేకరించండి, ఎండాకాలంలో ఉడుతలకు పెట్టండి. నిలవ చేయాల్సింది నాలుగు నెలలకే కాబట్టి పని కూడా తేలిక.

ఇక ఏం ఏరాలి. నాటు బాదం మీ ఇంట్లోనే ఉంది, దానితో మొదలుపెట్టండి. ఎర్రగా పండి రాలిన కాయల పైకండను ఉడుతలు, గబ్బిలాలు వాటంతట అవే తింటాయి. మీరు దాచాల్సింది లోపలి పెంకు. కండ ఉండగా దాచితే రెండు రోజుల్లో బూజు. నేను మొదటిసారి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఆ ముచ్చటా తీర్చుకున్నాను. కండ గీకేసి, కడిగి, వారం రోజులు ఎండబెట్టి, పెట్టేముందు రాయితో చీల్చండి. పప్పు సన్నగా, చిటికెన వేలి గోరంత ఉంటుంది. పాపకు ఒకటి ఇచ్చి చూడండి, ఉడుతకు మిగలదు.

అడవి గింజలంటే మా వైపు అందరికీ ముందు గుర్తొచ్చేది సారపప్పు. దాన్ని ఏరడానికి వెళ్ళవద్దని నా మాట. ఆ పప్పు కాసే మొర్రిచెట్లున్న నల్లమలలో తెలంగాణ వైపు భాగం చాలావరకు ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులోకి మనం సంచి పట్టుకుని పోయే వీలు లేదు. అక్కడి చెంచులకు అటవీ ఫలసాయంపై 2006 నాటి చట్టం హక్కు ఇచ్చింది, సారపప్పు వాళ్ళకు కూడు పెట్టే పంట. మొర్రిపండ్లను నానబెట్టి, తొక్క పోయేలా పిసికి, ఆరబెట్టి, తిరగలిలో మెల్లగా తిప్పి పప్పు చెదరకుండా తీస్తారు. మా వీధికి సారపప్పు తెచ్చే ఒక చెంచు పెద్దమ్మతో నేను ఉడుతలకని అడిగితే నవ్వింది. "అమ్మా, ఇది ఎలుగుబంటి, మేము పంచుకునే పండు. ఉడుత వాటా అది చెట్టు మీదే తీసుకుంటుంది" అంది.

పాప ఏరడానికి వెళ్ళేముందు మరో సంగతి ఆమెకు గట్టిగా చెప్పండి. రోడ్డు పక్కన అందంగా కనిపించే గింజలన్నీ తిండి కాదు. ఆముదం, అడవి ఆముదం, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ముష్టి: ఇవన్నీ మన చుట్టూ పెరిగేవే, అన్నీ విషమే. ఎర్రగా నిగనిగలాడే గురివింద పిల్లల జేబుల్లోకి ఇట్టే చేరుతుంది. కానుగ కాయలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, అవీ వద్దు. సీతాఫలం గుజ్జు ఉడుతకు ప్రాణం, గింజలు మాత్రం దాచకండి.

నిజం చెప్పాలంటే నా గోడ మీద పదింట తొమ్మిది పాళ్ళు పల్లీకాయే. పాలమూరు యాసంగి పల్లీ జనవరి నుంచి మార్చి దాకా మార్కెట్లకు వస్తుంది. బాదేపల్లి, వనపర్తి, గద్వాల, మా అచ్చంపేట, ఎక్కడైనా దొరుకుతుంది. నల్లగొండలో మీకూ కష్టం కాదు. పొట్టు తీయనిదే కొనండి. ఉడుత పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, అరగడానికి దానికి ఏదో ఒకటి కొరకాలి. పొట్టు తీసి పెడితే పని మనం చేసినట్టవుతుంది, తర్వాత అది మీ పక్కింటివాళ్ళ కేబుల్ వైరు కొరుకుతుంది. (మా పక్కింటాయన స్కూటరు సీటు గురించి ఇక్కడ రాయను, ఆయనా ఇవన్నీ చదువుతారు.)

ఓక్ కాయల్ని నీళ్ళలో వేసి తేలినవి పారేసేవారని రాశారు. పురుగు తొలిచిన కాయ తేలుతుంది కనుక అక్కడ అది మంచి పద్ధతే. పల్లీకాయకు మాత్రం ఆ పని చేయకండి. మంచి కాయ కూడా తేలుతుంది, పైగా తడి తగిలితే బూజు పడుతుంది. పల్లీకి పట్టే ఆ పచ్చటి బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనిషికైనా ఉడుతకైనా అంతే. నిలవ చేసే కాయలో తేమ 8 శాతం దాటకూడదంటారు. దాన్ని కొలిచే యంత్రం ఇంట్లో ఉండదు కాబట్టి మా అత్తమ్మ పద్ధతి చెబుతాను. నాలుగైదు రోజులు ఎండబెట్టాక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. గింజ గలగలమంటే ఎండినట్టు. చప్పుడు లేకపోతే ఇంకో రోజు. ముడుచుకున్నవి, నల్లమచ్చ ఉన్నవి, పొట్టు పగిలినవి అక్కడే ఏరేయాలి. ఈ పని పాపకు అప్పగించండి, చెవులు మనకంటే బాగా పనిచేస్తాయి.

ఇంత చేసీ నేను ఒక సంవత్సరం పది కిలోలు పోగొట్టుకున్నాను. ఎండబెట్టిన సంచిని తీసుకెళ్ళి చింతకాయల గంప పక్కన పెట్టాను. గింజ తీయని చింతకాయలు. నెలన్నర తర్వాత చూస్తే పల్లీకాయల మీద పెన్సిలు మొనతో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు, కాయకు అతుక్కుని కాగితం పొరలాంటి తెల్లటి చిన్న గూళ్ళు. సంచి దులిపితే గోధుమరంగు పురుగులు ఎగిరాయి. చింతగింజను తొలిచే పురుగే పల్లీకాయనూ తొలుస్తుందని అప్పుడు తెలిసింది. చింతగంప లోంచి నడిచి వచ్చిందన్నమాట. అత్తమ్మ ఆ గది వైపు ఒకసారి చూసి, "రెండిటికీ ఒకే ఇల్లు ఇస్తే ఎట్లా" అని ఊరుకుంది. అప్పటి నుంచి చింతపండు వంటింట్లో, పల్లీలు మెట్ల కింద. బిగుతు మూత ఉన్న రేకు డబ్బా, అడుగున ఎండిన వేపాకు. నెలకోసారి మూత తీసి ఒక పూట ఎండ చూపిస్తాను.

పెట్టడం గురించి ఎక్కువ చెప్పేది లేదు. రోజుకు ఒక గుప్పెడు, పొద్దున్నే. ఉప్పు, నూనె తగిలినవి వద్దు. పిల్లి పొంచి ఉండే పొద పక్కన కాకుండా, రెండు గెంతుల్లో చెట్టెక్కగలిగే చోట. మూకుడులో నీళ్ళు రోజూ మార్చండి. వానలు పడి వేపపండ్లు రాలడం మొదలయ్యాక మానేయండి, వాటికి మీరు గుర్తుకే రారు. పాపకు నిజంగా ఉడుతల తిండి చూడాలని ఉంటే ఎండాకాలంలో ఒకరోజు పాలమూరు పిల్లలమర్రికి తీసుకురండి. చెదలు పట్టిందని 2018లో సెలైన్ సీసాలతో మందెక్కించి బతికించుకున్న చెట్టు అది. పండు కాసినప్పుడు మర్రికొమ్మను మించిన గింజల కొట్టు ఉడుతకు లేదు.

చివరగా, మిషిగన్ నుంచి తెచ్చిన డబ్బాలో ఓక్ కాయలు ఇంకా ఉన్నాయని, వాటిని ఇక్కడి ఉడుతలకు పెట్టవచ్చా అని అడిగారు. వద్దు. వగరు ఎక్కువ, మన ఉడుతకు అలవాటు లేని కాయ, పైగా రెండేళ్ళ నాటివి. విరగ్గొట్టి చూస్తే సగం పొడి రాలుతుంది. పెరట్లో కూడా పారేయకండి, లోపల ఏ పురుగుందో. పొయ్యిలో వేయండి. పాప ఒకటి దాచుకుంటానంటే దాచుకోనివ్వండి. డబ్బా మాత్రం పారేయకండి, వేడినీళ్ళతో కడిగి ఒక రోజంతా ఎండలో బోర్లిస్తే మూడు కిలోల పల్లీ పడుతుంది.