తిమింగలాల యాత్రకు ఏ డబ్బు తీయాలి?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. విశాఖపట్నంలో ప్రభుత్వ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పింఛను నెలకు 62,000 రూపాయలు, ఇంటి ఖర్చు 38,000. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 18 లక్షలు ఉన్నాయి. మావారికి 66 ఏళ్లు, పింఛను లేదు, మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు. వచ్చే ఏడాది అక్టోబరులో ఇండోనేషియాలోని రాజా అంపట్ నుంచి బాండా సముద్రం మీదుగా ఆలోర్ దాకా 12 రాత్రుల ఓడ ప్రయాణం ఒకటి ఉంది. పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున చూడటం), దారిలో తిమింగలాలు. మనిషికి 5,500 డాలర్లు. మా అబ్బాయి పర్సనల్ లోన్ తీసుకోమంటున్నాడు. స్కీమ్ డబ్బు తీయాలా, అప్పు చేయాలా, మూడేళ్లు ఆగాలా?

జవాబు: మీరు అడిగిన మూడింటిలో ఏదీ అక్కర్లేదు. అయితే ముందుగా ఖర్చు లెక్క సరిచేసుకోవాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఉన్నది ఓడ ధర మాత్రమే.

డాలరును 90 రూపాయలుగా తీసుకుంటే ఇద్దరికీ 11,000 డాలర్లు 9,90,000 రూపాయలవుతుంది. విశాఖ నుంచి ఓడ ఎక్కే ఊరు సోరాంగ్ దాకా, తిరుగు ప్రయాణంలో ఆలోర్ నుంచి కుపాంగ్, బాలి మీదుగా ఇంటి దాకా విమాన ఛార్జీలకు ఇద్దరికీ 2,20,000 పక్కన పెట్టుకోండి. ఇండోనేషియాలో దిగినప్పుడు తీసుకునే వీసాకు మనిషికి 5 లక్షల రుపయా (అక్కడి కరెన్సీ), రాజా అంపట్ ప్రవేశ రుసుముకు సుమారు 10 లక్షల రుపయా అంటారు. ఆ అంకెలు చూసి కంగారు పడకండి, రెండూ కలిపి ఇద్దరికీ మన డబ్బులో 16,000 ప్రాంతంలోనే ఉంటాయి. దేశీయ విమానం ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు కనుక సోరాంగ్‌కు ఒక రోజు ముందే చేరాలి. ఆ హోటళ్లు, ఓడ సిబ్బందికి ఇచ్చే బహుమానం, బీమా, సరిగ్గా అమరే మాస్కు, ఫిన్స్ అన్నీ కలిపితే మరో లక్షన్నర. అంటే 13,76,000. కాబట్టి 14 లక్షల యాత్ర అనుకుని మాట్లాడుకుందాం.

మీ అబ్బాయి ప్రేమతోనే చెప్పి ఉంటాడు గానీ, 14 లక్షలను 12 శాతం వడ్డీకి మూడేళ్ల వాయిదాలతో తీసుకుంటే ఈఎంఐ 46,500 అవుతుంది. అది మీ పింఛనులో నాలుగింట మూడు వంతులు. వడ్డీగానే 2,74,000 పోతుంది. బ్యాంకులో సొంత డబ్బు 7 శాతానికి ఉంచి, విహారానికి 12 శాతానికి అప్పు తెచ్చుకోవడంలో అర్థం లేదు.

సీనియర్ సిటిజన్ స్కీమ్‌ను ముట్టుకోవద్దనడానికి ముందస్తు ఉపసంహరణకు విధించే కోత ఒక్కటే కారణం కాదు. ఖాతా తెరిచి ఏడాది దాటితే 1.5 శాతం, రెండేళ్లు దాటితే 1 శాతం కోస్తారు. అది భరించలేని నష్టమేమీ కాదు. అసలు కారణం మీవారు. ఆయనకు సొంత పింఛను లేదు. మీ తదనంతరం ఆయనకు వచ్చే కుటుంబ పింఛను మీ పింఛను కన్నా తక్కువగా ఉంటుంది. ఆ లోటును పూడ్చేది ఈ 30 లక్షలే. ఇప్పటి 8.2 శాతం మీద అది మూడు నెలలకోసారి 61,500 ఇస్తోంది. ఆయన పేరు ఉమ్మడి ఖాతాదారుగానో, ఏకైక నామినీగానో ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. యాత్రకు వెళ్లినా వెళ్లకపోయినా చేయవలసిన పని ఇది.

మరి డబ్బు ఎక్కడిది? పింఛనులో నెలకు 24,000 మిగులుతోంది. స్కీమ్ వడ్డీ ఇంటి ఖర్చుకు అవసరం పడడం లేదు. ఇలాంటి ఓడల కంపెనీలు సాధారణంగా ముందు కొంత అడ్వాన్సు తీసుకుని, మిగతాది బయలుదేరడానికి రెండు మూడు నెలల ముందు కట్టమంటాయి. అంటే పెద్ద చెల్లింపు జులైలో పడుతుంది. అప్పటికి తొమ్మిది నెలల మిగులు 2,16,000, మూడు త్రైమాసికాల వడ్డీ 1,84,500, కలిపి నాలుగు లక్షలు చేతిలో ఉంటాయి. మిగిలిన 10 లక్షలు డిపాజిట్ల నుంచి తీయండి. డిపాజిట్లను మధ్యలో రద్దు చేయకుండా, జులైకి ముందు కాలం తీరేవాటిని తిరిగి వేయకపోతే చాలు. ఇంకా 8 లక్షలు నిలుస్తాయి. అది మీ ఇంటి ఖర్చుకు ఏడాదిన్నరకు పైగా సరిపోతుంది. ఆ 8 లక్షలూ ఒకే బ్యాంకులో ఉంటే రెండింటికి పంచండి, ఎందుకంటే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే వర్తిస్తుంది.

చేతిలో ఉన్న 48 లక్షల్లో 10 లక్షలు ఒక యాత్రకు తీయడం చిన్న విషయమని నేను అనను. పింఛను లేని వారెవరైనా ఇదే ప్రశ్న అడిగి ఉంటే వద్దని రాసేవాడిని. మీకు నెలనెలా వచ్చే ఆదాయం ఖర్చుకు మించి ఉంది, తీసిన డబ్బు పింఛను మిగులు, స్కీమ్ వడ్డీలతో రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ చేరుతుంది. అందుకే ఒప్పుకుంటున్నాను.

మూడేళ్లు ఆగితే పింఛను మిగులుతోనే 8,64,000 కూడుతుంది, నిజమే. కానీ 2015లో 64 రూపాయల దగ్గరున్న డాలరు పదేళ్లలో 90 దగ్గరకు వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, స్నార్కెలింగ్ అంటే చిన్న పడవ అంచు మీద నుంచి నీళ్లలోకి దిగి, నిచ్చెన పట్టుకుని మళ్లీ పైకెక్కడం, అదీ రోజుకు రెండు మూడు సార్లు. మీవారికి అప్పటికి 69 ఏళ్లు వస్తాయి.

ఇక పన్ను సంగతి. మన దేశంలోని ఏజెన్సీ దగ్గర ఓడ, విమానం కలిపి ప్యాకేజీగా కొంటే మూలం వద్ద పన్ను వసూలు చేస్తారు; దానినే టీసీఎస్ అంటారు. 2025-26లో ఒకరి పాన్ మీద 10 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. ఆ రేట్ల మీద మొత్తం 12,10,000 మీ ఒక్కరి పాన్ మీద కడితే 92,000 పడేది. మీవారి వాటా ఆయన ఖాతా నుంచి, ఆయన పాన్ మీద కడితే ఇద్దరిదీ కలిపి 60,500 అయ్యేది. ఈ రేట్లు బడ్జెట్లతో మారుతుంటాయి కాబట్టి చెల్లించే రోజున అమలులో ఉన్న రేటును ఏజెన్సీ చేత రాతపూర్వకంగా తీసుకోండి. ఇది అదనపు ఖర్చు కాదు. పింఛను, వడ్డీలు కలిపి మీ వార్షికాదాయం 11 లక్షల చిల్లర. కొత్త విధానంలో 12 లక్షల వరకు ఉన్న రిబేటు వల్ల మీకు పన్ను పడదు, కనుక రిటర్ను వేస్తే అంతా వాపసు వస్తుంది. విదేశీ ప్రయాణానికి ఏడాదిలో 2 లక్షలు మించి ఖర్చు చేసినవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా రిటర్ను వేయాలి కాబట్టి మీవారూ వేయాల్సిందే. అయితే వాపసు వచ్చే దాకా ఆ సొమ్ము మీ చేతిలో ఉండదు. దాన్ని 14 లక్షలకు అదనంగా సిద్ధం చేసుకోండి.

ఓడ కంపెనీకి నేరుగా కట్టదలిస్తే క్రెడిట్ కార్డు తేలిక అనిపిస్తుంది. కార్డు మీద 3.5 శాతం విదేశీ మారక రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ ఉంటే 9,90,000కు దాదాపు 41,000 పోతుంది. అడ్వాన్సు మాత్రం కార్డుతో కట్టండి. కంపెనీ చేతులెత్తేస్తే బ్యాంకు దగ్గర వివాదం లేవనెత్తే వీలుంటుంది, ఆ కాస్త రుసుము అందుకు పెట్టినట్టు. మిగతాది బ్యాంకు ద్వారా పంపండి. డాలరు ఒక్క రూపాయి పెరిగితే మీకు 11,000 తేడా వస్తుందని గుర్తుంచుకోండి.

నాకు ఇందులో నిజంగా ఆందోళన కలిగించేది స్టెంట్. బాండా సముద్రం దాటేటప్పుడు దగ్గరలో పెద్ద ఆసుపత్రి ఉండదు. ప్రయాణ బీమా ఫారంలో స్టెంట్ సంగతి దాచితే క్లెయిము తిరస్కరించడానికి అదే కారణమవుతుంది. చెబితే ప్రీమియం పెరుగుతుంది, కొన్ని కంపెనీలు ఇవ్వకపోవచ్చు. ముందే ఉన్న జబ్బులకు, ఓడ నుంచి అత్యవసర తరలింపుకు, స్నార్కెలింగ్‌కు వర్తిస్తుందని పాలసీలో అక్షరాలా రాసి ఉండాలి, ఏజెంటు నోటిమాట చాలదు. ప్రయాణం రద్దయితే ఇచ్చే పరిహారం చాలా పాలసీల్లో మీ 11,000 డాలర్లకు దరిదాపుల్లో కూడా ఉండదు. కాబట్టి వరుస ఇలా ఉండాలి: మొదట గుండె వైద్యుడి లిఖితపూర్వక అనుమతి, తరువాత బీమా కంపెనీ అంగీకారం, ఆ రెండూ చేతికొచ్చాకే అడ్వాన్సు.

మీకు జంతుశాస్త్రం నేను చెప్పనక్కర్లేదు గానీ, డబ్బు కోణంలో ఒక మాట. ఆస్ట్రేలియా దక్షిణ తీరాల నుంచి బాండా సముద్రానికి వచ్చే పిగ్మీ నీలి తిమింగలాలు అక్టోబరు, నవంబరుల్లో తిమోర్ పక్క జలసంధుల గుండా తిరుగుముఖం పడతాయి, అందుకే మీ ఓడ అక్టోబరును ఎంచుకుంది. అయినా కనిపిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు, కనిపించలేదని డబ్బు తిరిగివ్వరు. కేవలం తిమింగలం కోసమే అయితే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా శ్రీలంకలోని మిరిస్సా తీరం ఇందులో చిన్న వాటా ఖర్చుతో సరిపోతుంది. పగడాలు కూడా కావాలంటే రాజా అంపట్‌కు సాటి దొరకదు. ప్రపంచంలో తెలిసిన గట్టి పగడాల జాతుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు అక్కడే ఉన్నాయి.

వైద్యుడు మీవారికి వద్దంటే యాత్రను మానుకోకండి. మరో మహిళతో క్యాబిన్ పంచుకునే వీలు కల్పించమని కంపెనీని అడిగి మీరొక్కరే వెళ్లి రండి. అప్పుడు ఖర్చు 7 లక్షలకు దిగుతుంది, డిపాజిట్ల నుంచి తీయవలసింది 3 లక్షలే. వైద్యుడి అపాయింట్‌మెంటు ఈ నెలలోనే తీసుకోండి. అక్టోబరు ఓడల్లో క్యాబిన్లు చాలా ముందుగానే నిండిపోతాయి.