మా వాడు తాచుపాములు పెంచుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మగారు రాశారు. కొడుకు ఇంటర్ సెకండియర్, బైపీసీ. నీట్ పుస్తకాలు మూలన పడేసి, అమెరికా వాళ్ళు తాచుపాముల్ని డబ్బాల్లో పెంచి, గుడ్లు పెట్టించి పాము పిల్లల్ని తీసే వీడియోలే చూస్తున్నాడట, పెద్దయ్యాక తనూ అదే చేస్తాడట. ఆన్‌లైన్లో పాములు పట్టే కొక్కెం కర్ర కూడా తెప్పించాడు. గుడ్లు ఎన్ని డిగ్రీల్లో పెట్టాలో ఒక నోట్‌బుక్ నిండా రాసుకుంటే వాళ్ళ నాన్న చించేశారు. సర్పదోషం అని ఎవరో చెప్తే శ్రీకాళహస్తి వెళ్ళి పూజ చేయించారు. ఇప్పుడు వెటర్నరీ మంచిదా, బీఎస్సీ జువాలజీ మంచిదా పోల్చి చెప్పమంటున్నారు, ఈ పిచ్చి పోయే మార్గం కూడా చెప్పమంటున్నారు.

అమ్మా, పోలిక తర్వాత చెప్తా. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకోటి వస్తాయి, పాము ప్లేసులో ఒకసారి బైక్ రేసింగ్ ఉంటుంది ఒకసారి గేమింగ్ ఉంటుంది అంతే తేడా. అడిగేది కోర్సు గురించి, లోపల ఉన్నది పిల్లాడు చెయ్యి దాటిపోతున్నాడన్న గుబులు. మీకు దాని మీద ఇంకో భయం కూడా ఉంది, వాడి ప్రాణానికి ఏమన్నా అవుతుందేమో అని. అది అనవసరమైన భయం అని నేను అనను.

ముందు ఒక మాట తేల్చేస్తా. ఇంట్లో తాచుపాము పెంచడం మన దేశంలో కుదరదు, సరదాకీ కుదరదు వ్యాపారానికీ కుదరదు. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో నాగుపాము షెడ్యూల్ 1లోకి వచ్చింది, పులి ఉన్న లిస్టు అన్నమాట, కేసు రుజువైతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. "అంకుల్, ఇది మన పాము కాదు, థాయిలాండ్ వెరైటీ" అని ఒకబ్బాయి నాతోనే వాదించాడు. ఆ వీడియోల్లో తెల్లగా మెరిసేవి చాలావరకు మోనోక్లెడ్ కోబ్రాలు, పడగ మీద మన తాచుకుండే కళ్ళజోడు గుర్తు బదులు ఒక్క గుండ్రటి మచ్చ ఉంటుంది చూడండి, అవి మన బెంగాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో అడవిలో తిరిగే పాములే, వాటికీ ఇదే చట్టం. ఇంతా చేసి ఫ్లోరిడాలో కూడా ఎవడు పడితే వాడు పెంచలేడు, లైసెన్స్ కావాలంటే వెయ్యి గంటల అనుభవం చూపించాలి. వీడియోలో ఆ వెయ్యి గంటలు ఎవరు పెడతారు చెప్పండి, పడగ విప్పింది మాత్రమే పెడతారు.

ఇక ఆ నోట్‌బుక్. మీరు ఏమనుకున్నా సరే చెప్తున్నా, చించేముందు అందులో ఏముందో మీ ఇద్దర్లో ఒక్కరన్నా చదివారా? తాచుపాముల్ని జతకట్టించడం అంటే చలికాలం కొన్ని వారాలు వాటిని చల్లగా ఉంచి, మళ్ళీ మెల్లగా వెచ్చబెట్టి, అప్పుడు మగదాన్ని వదలాలి, వదిలాక కూడా కన్ను తిప్పకూడదు ఎందుకంటే తాచుకి ఇంకో పాము అంటే తిండే. పది నుంచి ముప్పై దాకా గుడ్లు, 28, 30 డిగ్రీల దగ్గర సుమారు రెండు నెలలు, తడి తగ్గితే గుడ్డు సొట్టపోతుంది, ఎక్కువైతే బూజు. పిల్ల బయటికి వచ్చిన రోజే దానికి విషం ఉంటుంది. పోనీ తింటుందా అంటే కొన్ని పిల్లలు ఎలుకపిల్లని ముట్టవు, దానికి కప్ప వాసన పట్టించి ఏమార్చాలి. డబ్బా కడగాలంటే పాము దానంతటది దాక్కునే పెట్టెలోకి వెళ్ళేదాకా ఆగి, పెట్టె మూసి, పక్కన ఇంకో మనిషి ఉంటేనే పెద్ద తలుపు తీస్తారు. చేత్తో పట్టుకోవడం తెలివి తక్కువ పని, బాగా పెంచేవాళ్ళు అది చేయరు. ఇదంతా ఓపిక, లెక్క, చాకిరీ. ఈ పనుల లెక్క రాసుకుంటున్న పిల్లాణ్ణి పట్టుకుని చదువు మీద శ్రద్ధ లేదంటారేంటమ్మా? (శ్రీకాళహస్తి వెళ్ళారు, మంచిదే, దర్శనం అయింది.)

నాకు భయం వేసేది వేరే ఉంది. రీల్స్. మన హైదరాబాద్‌లో చెరువుల పక్కన, రాళ్ళ గుట్టల మీద ఇళ్ళు కట్టుకున్నాం, వానాకాలం రాగానే పాములు బయటికి వస్తాయి, వాటిని పట్టే కుర్రాళ్ళకి ఇప్పుడు హీరోలకున్నంత పేరు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు 1995 నుంచి ఇక్కడ ఈ పని చేస్తున్నారు, పద్ధతిగా పామును సంచిలోకి ఎక్కించి సంచి మూతి కట్టేస్తారు, అక్కడితో అయిపోయింది. ఫోన్ ఆన్‌లో ఉన్నవాడికి మాత్రం అక్కడితో అయిపోదు, తోక పట్టి ఆడించాలి, పడగకి ముద్దు పెట్టాలి. ఆరేళ్ళ కింద ఒకబ్బాయి నా దగ్గరికొస్తే "నీకు ఇష్టమైంది చెయ్యి నాన్నా" అని పెద్ద మనిషిలా చెప్పి పంపించా, అప్పట్లో నేను అందరికీ అదే చెప్పేవాణ్ణి. తర్వాత వాడు వీడియో తీస్తూ తాచు కాటు తిన్నాడు. వెంటిలేటర్ మీద పెట్టి బతికించారు, కుడిచేతి వేలు ఒకటి కుళ్ళిపోయి తీసేశారు. తాచు విషం ఊపిరీ ఆపుతుంది, కాటు పడ్డ చోట కండనీ తినేస్తుంది. దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో పోతున్నారని పరిశోధకుల అంచనా, అందులో ఎక్కువమంది పొలాల్లో పనిచేసుకునేవాళ్ళు, వాళ్ళకి లైకులు కూడా రావు. అందుకే ఇప్పుడు "ప్యాషన్" అన్న మాట వినగానే నేను ముందు ఫోన్ సంగతి అడుగుతా. మీవాడు పామును చూస్తున్నాడా, చూసేవాళ్ళని చూస్తున్నాడా? నోట్‌బుక్ రాశాడు కాబట్టి మొదటిదే అని నా నమ్మకం, కొంచెం ఊపిరి పీల్చుకోండి.

మరి దీంట్లో బతుకుతెరువు ఉందా అంటే, పాము పిల్లల్ని తీసి అమ్మడంలో లేదు, విషంలో ఉంది. చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుల గిరిజనుల సహకార సంఘం 1978 నుంచి నడుస్తోంది. పామును పట్టి, కొన్ని వారాలు కుండలో ఉంచి, నాలుగుసార్లు విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు, అసలు బ్రీడింగే చేయరు. ఆ ఇరులవాళ్ళలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకి, 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు తీస్తారు, మన హైదరాబాద్ కంపెనీ విన్స్ చేసేది ఈ పనే. చిక్కేంటంటే ఒక్కో ప్రాంతం తాచు విషం ఒక్కోలా ఉంటుంది, ఒకచోట విషంతో చేసిన మందు ఇంకోచోట సరిగ్గా పనిచేయకపోవచ్చు, బెంగళూరు ఐఐఎస్సీలో దీని మీద పెద్ద పనే జరుగుతోంది. రేపు ప్రాంతానికో చోట విషం సేకరించాలంటే పాముల్ని ఆరోగ్యంగా పెంచడం వచ్చిన మనుషులు కావాలి. లక్షల ప్యాకేజీ అని మాత్రం నేను చెప్పను, ఉద్యోగాలు చాలా తక్కువ.

పోలిక అడిగారు కదా. ర్యాంకు వస్తే వెటర్నరీ, ఐదున్నరేళ్ళు, ఎక్కువగా ఆవులు గేదెలు కోళ్ళే చదువుతాడు, కానీ పాముల దారి మూసుకుపోయినా తిండికి లోటుండదు, జూలకి కూడా డాక్టర్లు కావాలి. రాకపోతే జువాలజీ, కానీ డిగ్రీతో ఆగితే లాభం లేదు, పీజీ చేయాలి, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట సీటు కోసం కష్టపడాలి. అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ఉంది, అంతరించిపోతున్న జంతువుల మీద పరిశోధన చేసే ల్యాబ్, మీ ఇంటి నుంచి గంట దూరం, మీవాడికి ఆ పేరన్నా తెలుసో లేదో అడగండి.

ఈ ఆదివారం నెహ్రూ జూకి తీసుకెళ్ళండి, వాళ్ళ నాన్న కూడా రావాలి. పాముల ఇంటి దగ్గర వాణ్ణి మాట్లాడనివ్వండి, మీరు వినండి. వచ్చేటప్పుడు దార్లో ఒక నోట్‌బుక్ కొనండి, అది ఆయన చేత్తోనే ఇప్పించండి. కొక్కెం కర్ర పారేయొద్దు, వాడికి పద్దెనిమిది నిండి ఎవరిదగ్గరన్నా పద్ధతిగా ట్రైనింగ్‌కి వెళ్ళేదాకా అటక మీద ఉండనివ్వండి.