చెప్పులు చేత్తో పట్టుకున్న వాక్యం

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది. 2024లో వచ్చిన రక్తపిశాచి సినిమా 'నోస్ఫెరాటు' గురించి ఆరు పేజీలు రాశావు. "భయంకరం", "వెన్నులో వణుకు", "గూస్‌బంప్స్" అన్న చోటల్లా పెన్సిల్‌తో గీత పెడుతూ పోతే పద్నాలుగు తేలాయి, ఒక్కచోట కూడా నాకు భయం వేయలేదు. పైగా దానికి మూలమైన 1922 నాటి మూకీని ఫోన్లో పది నిమిషాలు చూసి స్లోగా ఉందని ఆపేశానంటూనే, కొత్తది దాన్ని మించిపోయిందని తీర్పు కూడా ఇచ్చేశావు. పూర్తిగా చూడని సినిమా మీద తీర్పేమిటి?

రెండోసారి చదువుతూ చివరి పేజీలో ఆగిపోయాను. సెకండ్ షో నుంచి ఒక్కడివే రూముకి వస్తూ, నీ చెప్పుల చప్పుడే వెనకాల ఎవరో వస్తున్నట్టు వినిపిస్తుంటే, వాటిని విప్పి చేత్తో పట్టుకుని మూడంతస్తులు ఎక్కానని రాశావు చూడు, అక్కడ. దాని పక్కనే "దీనికీ సినిమాకీ సంబంధం లేదు, క్షమించండి" అని బ్రాకెట్లో పెట్టావు. ఆరు పేజీల్లో సినిమాకి సంబంధించిన వాక్యం నాకు అదొక్కటే కనిపించింది.

భయం అనే మాట రాయకు. ముప్పై ఏళ్లుగా కనిపించిన ప్రతి కుర్ర రచయితకీ ఇదే చెప్తున్నాను. భయపడ్డవాడు ఏం చేశాడో రాయి, అంతే. ఆ మూకీలో దర్శకుడు మూర్నావ్ చేసింది చూడు. కథానాయిక ఎలెన్ గదికి రక్తపిశాచి ఓర్లోక్ వెళ్తుంటే మనకి మనిషిని చూపించడు, మెట్ల పక్క గోడ మీద నీడ ఒక్కటే పైకి ఎక్కుతుంది, వంగిన వీపు, చాచిన పొడుగాటి వేళ్లు. తర్వాత ఆ చేతి నీడ ఆమె గుండె మీదికి వచ్చి పిడికిలి బిగిస్తుంది, ఆమె విలవిల్లాడుతుంది. కొత్త సినిమాలో రాబర్ట్ ఎగర్స్ ఆ చేతి నీడనే ఊరి ఇళ్ల కప్పుల మీదుగా పాకించాడు. 102 ఏళ్ల తర్వాత కూడా వదులుకోలేక తెచ్చుకున్నాడంటే దాని బలం ఎంతో ఆలోచించు. నువ్వు దాన్ని ఒక్క లైన్లో దాటేసి, ఓర్లోక్ మీసానికీ కుళ్లిన ఒంటి మేకప్‌కీ రెండు పేజీలు ఇచ్చావు. మెట్లెక్కే ఆ నీడని చూసి ఉంటే నీ మూడంతస్తుల గురించి క్షమాపణ అడిగేవాడివి కాదు.

అసలు ఆ మూకీ మన దాకా రావాల్సింది కాదు. బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'ని అనుమతి లేకుండా పేర్లు మార్చి తీశారు, ఆయన భార్య ఫ్లారెన్స్ కోర్టుకెక్కింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో తీర్పొచ్చింది. అక్కడా ఇక్కడా మిగిలిపోయిన కాపీల పుణ్యమే మనం చూస్తున్నది. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేశారు. సంగీతం కూడా లేదు, ప్రొజెక్టర్ చప్పుడు తప్ప.

ఆ వారమే ఒక కథ రాశాను. ఒకావిడ రోజూ రాత్రి చెంబు తోమి బోర్లించి పడుకుంటుంది, తెల్లారి లేచేసరికి చెంబు నిలబెట్టి ఉంటుంది, నిండా నీళ్లతో. దయ్యం అంటే అంతే, ఇంకెక్కడా కనిపించదు. ఒక వారపత్రిక ఎడిటర్ తీసుకున్నాడు, నన్ను ఒక్క మాటైనా అడగకుండా తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, గజ్జెల చప్పుడు కలిపి వేశాడు. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. నేను ఆ సంచిక తెచ్చుకుని చాలా ఏళ్లు తెరవలేకపోయాను, ఇప్పటికీ కోపం పోలేదు. ఇప్పుడు తెల్లచీర పోయి అయిదుకి ఇన్ని స్టార్లు అనే జబ్బు వచ్చింది. నువ్వు కూడా చివర్లో మూడున్నర వేశావు. అది కొట్టేయ్.

పుస్తకం ఎప్పుడు వేయాలని అడిగావు. ముందు ఆ మూకీని రాత్రిపూట, ఫోన్ పక్కన పడేసి, పెద్ద తెర మీద పూర్తిగా చూడు. తర్వాత చెప్పులు విప్పిన దగ్గర్నుంచి వ్యాసం మొదలుపెట్టి నాకు మళ్లీ పంపు. మూడో అంతస్తు చేరాక ఏమైందో నువ్వు రాయలేదు. చెప్పులు గుమ్మం బయటే వదిలావా, చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లావా?