పురుటి ఖర్చుకు ఇప్పుడే బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. బట్టల కొట్టులో పని చేస్తాను, నెలకు 18 వేలు వస్తాయి. మా ఆవిడకు ఇప్పుడు పదో వారం, ఇదే తొలి కాన్పు. మాకు హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. ఇక్కడ ఒక నర్సింగ్‌హోమ్‌లో అడిగితే నార్మల్‌కు 40 వేలు, ఆపరేషన్ అయితే 75 వేలు అన్నారు. నెలనెలా చూపించుకునే ఖర్చు దానికి అదనం. బ్యాంకులో 30 వేలు ఉన్నాయి. ఇప్పుడే పాలసీ తీసుకుంటే కాన్పు ఖర్చు వచ్చేస్తుందని తెలిసిన ఏజెంటు చెబుతున్నాడు. అత్తగారిది ఆంధ్రాలోని పాతపట్నం, పురిటికి అక్కడికే పంపమంటున్నారు. మాకు రేషన్ కార్డు ఉంది గానీ అందులో ఆవిడ పేరు ఇంకా ఎక్కలేదు, వాళ్ళ పుట్టింటి కార్డులోనే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి 75 వేలు తెచ్చి దగ్గర ఉంచుకోమంటారా?

జవాబు: గొలుసు తాకట్టు పెట్టకండి. ఆ పాలసీ కూడా ఇప్పుడు తీసుకోకండి.

పాలసీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఏజెంటు మళ్ళీ వస్తాడు. సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమాల్లో కాన్పు ఖర్చుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక అంతకాలం ఆగాకే ఆ ఖర్చు ఇస్తారు. పాలసీని బట్టి అది 9 నెలల నుంచి 4 ఏళ్ళ దాకా ఉంటుంది. మీ ఆవిడకు మిగిలినవి దాదాపు 30 వారాలు. ఈ రోజు ప్రీమియం కట్టినా ఈ కాన్పుకు రూపాయి రాదు. గర్భం సంగతి ఫారంలో రాయకుండా దాచమని ఎవరైనా చెబితే అసలు వినకండి. రేపు ఏ క్లెయిమ్ పెట్టినా అదే సాకుతో తిరగగొడతారు. ఒక్క విషయం మాత్రం చూసుకోండి. మీ జీతంలో ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా కింద ఏమైనా కోస్తున్నారా? 21 వేల లోపు జీతం ఉండి, మీ కొట్టు ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే మీ నుంచి 0.75 శాతం కోత పడుతుంది. అలా కోస్తున్నట్టయితే మీ భార్యకు కూడా ఈఎస్‌ఐ వైద్యం వర్తిస్తుంది. చాలామంది ఆ కార్డు తీసుకోకుండానే ఏళ్ళు గడిపేస్తారు. యజమానిని అడగడానికి మొహమాటపడకండి.

ఇక అసలు విషయం. గర్భిణికి కావలసిన పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషన్, రక్తం, అంబులెన్స్, ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఇది అందరికీ వర్తిస్తుంది. బీపీఎల్ కార్డు ఉండాలన్న షరతు లేదు. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజులు తల్లికి భోజనం కూడా ఇవ్వాలి. పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే ఏడాది నిండే దాకా వైద్యం ఉచితమే. బీమా లేదని మీరు భయపడుతున్న ఖర్చులో ఎక్కువ భాగానికి దారి ఇక్కడే ఉంది. దాన్ని వేళకు అందుకోవడమే మీ పని.

వేళ అంటే ఈ వారమే. 12 వారాల లోపు పేరు నమోదు కావాలి, మీకు మిగిలింది రెండు వారాలు. మీ వార్డు ఆశా దీదీని గానీ అంగన్‌వాడీ దీదీని గానీ కలవండి. ఒడిశాలో మంగళవారమో శుక్రవారమో మమతా దివస్ పేరుతో గర్భిణులకు పరీక్షలు చేస్తారు కదా, మీ అంగన్‌వాడీలో అది ఏ తేదీనో అడిగి ఆ రోజు ఆవిడను తీసుకెళ్ళండి. అక్కడ బరువు, బీపీ, రక్తం శాతం చూసి తల్లీబిడ్డ కార్డు ఇస్తారు. ఆ కార్డు పోకుండా చూసుకోండి, డబ్బు వచ్చినా వైద్యం దొరికినా దాని మీదే. తర్వాత 14 నుంచి 26 వారాల మధ్య ఒకసారి, 28 నుంచి 34 మధ్య ఒకసారి, 36 దాటాక ఒకసారి తప్పకుండా చూపించాలి. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే స్వయంగా చూస్తారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ ఇది. ప్రమాదం ఉందనుకుంటే కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. ఎర్రది పడితే కంగారుపడకండి, అప్పుడు ఇంకా తరచుగా చూస్తారు.

కొన్ని పరీక్షలు అడిగి మరీ చేయించండి. రక్తం గ్రూపు తొలి వారాల్లోనే తెలియాలి. నెగెటివ్ వస్తే 28వ వారంలోనూ, కాన్పయిన 72 గంటల లోపూ యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం రావచ్చు. బయట కొంటే అది ఖరీదైన మందు. షుగర్ పరీక్ష మొదటిసారి వెళ్ళినప్పుడు, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య. మన సరిహద్దు జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువ కాబట్టి మీ ఇద్దరూ ఆ పరీక్ష కూడా చేయించుకోండి. ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180, కాన్పయ్యాక మరో 180. క్యాల్షియం కూడా ఉచితమే. బజార్లో దొరికే ఖరీదైన ప్రొటీన్ పౌడర్ డబ్బాల జోలికి పోకండి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి, కోడిగుడ్లు తెచ్చుకోండి, ఇంట్లో రాగి అంబలి, తోటకూర పెట్టండి. డబ్బు ఆదా కోసమే ఈ మాట అనడం లేదు, ఒంటికి పట్టేవి అవే.

ఒక్క చోట మాత్రం ప్రైవేటుకు డబ్బు పెట్టినా తప్పులేదు. 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే స్కానింగ్‌కు ఆ తేదీ దాటిపోకూడదు. ఆసుపత్రిలో రద్దీ వల్ల ఆలస్యం అవుతుందనిపిస్తే బయట చేయించేయండి.

పాతపట్నమా, పర్లాకిమిడా అన్నది మీరు అడగకపోయినా డబ్బు లెక్కలో పెద్ద ప్రశ్న అదే. తొలి పురుడు పుట్టింట్లో జరగాలన్న కోరిక సహజం, ఆవిడ మనసుకు ధైర్యం కూడా. ఉచిత కాన్పు రెండు వైపులా దొరుకుతుంది. నగదులోనే తేడా ఉంది. జననీ సురక్షా యోజన కింద ఒడిశాలో ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి తల్లికీ పల్లె అయితే 1,400, పట్టణం అయితే 1,000 ఇస్తారు. ఆంధ్రాలో పల్లెకు 700, పట్టణానికి 600. అదీ పేద కుటుంబాలకు, ఎస్సీ, ఎస్టీలకే. నాలుగు వందల తేడా కోసం పుట్టింటికి వెళ్ళడం మానుకోమని నేను చెప్పను. కానీ నమోదు మాత్రం పర్లాకిమిడిలోనే చేయించండి. ఒడిశా ప్రభుత్వం 2011 నుంచి గర్భిణులకు ఇస్తున్న మమతా నగదు సాయానికి అదే ఆధారం. ఏడో నెలలో పంపించేటప్పుడు కార్డు, స్కానింగ్ రిపోర్టులు ఆవిడ వెంటే ఉండాలి. కార్డులో ఒడియాలో రాసినవి అక్కడి నర్సుకు అర్థం కాకపోవచ్చు. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ అంకెలు విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టండి. అక్కడి ఆశాకు కూడా ముందే కబురు చేయండి.

రేషన్ కార్డు విషయంలో తొందరపడకండి. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. ఆహార భద్రత రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరిన ఖర్చు భరిస్తుంది. నెలనెలా చూపించుకునే ఖర్చు అందులో రాదు. మీ ఆవిడ పేరు ఇక్కడ ఎక్కాలంటే ముందు పుట్టింటి కార్డులో తీసేయాలి. అక్కడ తీసేసి, ఇక్కడ ఎక్కక, మధ్యలో నెలలు నిండితే రెండు రాష్ట్రాల కార్డులూ ఆ సమయానికి అక్కరకు రావు. పురుడు పర్లాకిమిడిలోనే అనుకుంటే ఈ నెలలోనే మార్పుకు పెట్టండి, ఇంకా సమయం ఉంది. పాతపట్నంలో అనుకుంటే కాన్పయ్యాక తల్లీబిడ్డల పేర్లు కలిపి ఎక్కించుకోండి. ఏ ప్రైవేటు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, చేరకముందే అక్కడి ఆయుష్మాన్ డెస్క్ దగ్గర ఈ కాన్పు కార్డు కింద వస్తుందా అని అడగండి. చేరాక అడిగితే ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు మీ డబ్బు. చేతిలో 30 వేలు. ఏడు నెలలు నెలకు 2 వేలు పక్కన పెట్టగలిగితే మొత్తం 44 వేలు. అందులో రాకపోకలకు, బయట చేయించే చిన్న పరీక్షలకు 6 వేలు, స్కానింగ్‌కు 3 వేలు, మందులు, పండ్లు, గుడ్లకు 5 వేలు. కాన్పప్పుడు వెంట ఉండేవాళ్ళ తిండికి, బసకు, ఆటోలకు 12 వేలు అనుకోండి. ఇది ఎక్కువ అనిపించవచ్చు. కానీ పర్లాకిమిడి నుంచి బరంపురంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఎంకేసీజీకి పంపితే అంబులెన్స్ ఉచితమే అయినా, అక్కడ మీరూ మీ అత్తగారూ ఉండే రోజుల ఖర్చు మీదే. మీరు పనికి వెళ్ళలేని రోజుల్లో పోయే జీతం 5 వేలు. ఇవి పోగా 13 వేలు ముట్టుకోకుండా ఉంటాయి. కేంద్రం మాతృవందన కింద తొలి బిడ్డకు ఇచ్చే 5 వేలు రెండు విడతల్లో, మీ ఆవిడ ఆధార్‌తో కలిపిన ఖాతాకు వస్తాయి. మమతా డబ్బూ అంతే, ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు. వాటిని ఈ లెక్కలో కలపలేదు. వచ్చినప్పుడు బిడ్డ పేరు మీద వేయండి.

బీమా లేని ఇళ్ళను నిజంగా అప్పుల్లోకి దించేది చాలాసార్లు కాన్పు బిల్లు కాదు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ప్రైవేటు ఐసీయూలో ఉండే రోజుల బిల్లు. ఒక్కో రోజూ వేలల్లో పడుతుంది. అందుకే కాన్పుకు చోటు ఎంచుకునేటప్పుడు ఆ ఆసుపత్రిలో ఎస్‌ఎన్‌సీయూ, అంటే పసిబిడ్డల ప్రత్యేక విభాగం ఉందో లేదో చూడండి. కార్డు మీద ఎర్ర స్టిక్కర్ పడితే పాతపట్నం ఆలోచన పక్కన పెట్టి, అది ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే పురుడు పోయించండి. మీ అత్తగారు బాధపడతారు, నాకు తెలుసు. ఆవిడనే ఇక్కడికి వచ్చి ఉండమనండి. తలనొప్పి, చూపు మసకబారడం, మొహం చేతులు వాచడం, రక్తం కనబడటం, కడుపులో కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

గొలుసు సంగతి. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి 75 వేలు తెస్తే నెలకు 1,500, ఏడు నెలలకు 10,500. అవసరం వస్తుందో రాదో తెలియని డబ్బుకు అంత వడ్డీ కట్టడం నాకు ఇష్టం లేదు. బ్యాంకులో బంగారం మీద అప్పు కాగితాలు సిద్ధంగా ఉంటే అదే రోజు దొరుకుతుంది, వడ్డీ కూడా దీనికన్నా చాలా తక్కువ. కాబట్టి ఇప్పుడు మీ ఇద్దరి ఆధార్, పాన్, ఫొటోలు తీసుకెళ్ళి మీ బ్యాంకులో గోల్డ్ లోన్ ఎంత వస్తుందో అడిగి ఉంచండి. గొలుసు ఇంట్లోనే ఉండనివ్వండి.

ఆసుపత్రిలో ఎవరైనా డబ్బు అడిగితే రసీదు అడగండి, ఇవ్వకపోతే సూపరింటెండెంటును కలవండి. మీ చుట్టాల్లో ఆవిడ గ్రూపు రక్తం ఉన్నవాళ్ళు ఇద్దరిని ఎనిమిదో నెలలోనే మాట తీసుకుని ఉంచండి. బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు జనన నమోదు చేయిస్తే ఉచితం. మాతృవందన రెండో విడతకు ఆ సర్టిఫికెట్, మొదటి టీకాల నమోదు రెండూ అడుగుతారు. కుటుంబం మొత్తానికి పాలసీ గురించి అప్పుడు మాట్లాడదాం. బిడ్డకు మూడు నెలలు నిండాక నాకు మళ్ళీ రాయండి, అప్పటి మీ జీతం, అప్పులు కూడా అందులో రాయండి.