విజయనగరంలో వీధికుక్కల లెక్క రోజుకోలా వస్తోంది అన్నారు కదా, ఇలా చెయ్యండి

మొదటిరోజు 60, రెండోరోజు 50 వచ్చాయంటే మీ లెక్క తప్పని కాదండి, ఏ రోజైనా కొన్ని కాలవల్లోనో బండ్ల కిందో పడుకుని కనపడవు.

1. తెల్లారగానే, చెత్తబండి రాకముందే, గంటస్తంభం దగ్గర మొదలెట్టి రెండ్రోజులూ అవే వీధులు తిరగండి. ప్రతిదానికీ ఫోటో తియ్యండి, మచ్చలు, తోక, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయితే దానికి గుర్తుగా పెట్టిన చెవి కోత కనపడాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: రెండోరోజు కొత్తవే రాస్తారు. వద్దు, కనపడినవన్నీ రాసి అందులో నిన్నటివెన్నో ఫోటోలతో సరిచూడండి. 30 కలిస్తే, మొదటిరోజువి × రెండోరోజువి ÷ కలిసినవి, అంటే 60×50÷30, మొత్తం సుమారు 100 కుక్కలు. తక్కువ రాస్తే రేబీస్ టీకాలు చాలవు, 70 శాతం కుక్కలకైనా పడాలి మరి.

3. మెడలో బెల్టు ఉన్నవి వేరే రాయండి, పెంపుడువి ఇంటింటికీ వెళ్లి అడిగితేనే తేలతాయి.