నెలకోసారి కొండెక్కితే షుగర్ దిగుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 41. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. బట్టల దుకాణంలో లెక్కలు చూస్తాను, రోజంతా కుర్చీలోనే. పరగడుపు షుగర్ 114, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 6.1 వచ్చాయి. ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉందన్నారు. నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను. బరువులు ఎత్తాలని ఒకరు, నడక చాలని మరొకరు అంటున్నారు. ఏది చేయాలి?

జవాబు: 3,550 మెట్లు ఎక్కగలుగుతున్నారంటే కాళ్లలో సత్తువ ఉన్నట్టే. మిగతా రోజుల సంగతే చూడాలి.

తిన్న తర్వాత రక్తంలోకి చేరే గ్లూకోజులో పెద్ద వాటా కండరాలకే వెళ్లాలి. పొట్టలో, కాలేయంలో, కండరాల్లో కొవ్వు పేరుకుంటే కాలేయం, కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. ఇదే ఇన్సులిన్ రెసిస్టెన్స్. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. మీరిప్పుడు ఆ దశలోనే, అంటే మధుమేహానికి ముందు మెట్టయిన ప్రీడయాబెటిస్‌లో ఉన్నారు. అయితే పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. కణం లోపల ఉండే గ్లూట్-4 అనే ప్రోటీన్లు పైపొరకు వచ్చి ఆ పని చేస్తాయి. వ్యాయామం ఆపాక కూడా ఒకటి రెండు రోజులు కండరాలు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తాయి. ఆ తర్వాత ఆ లాభం కరిగిపోతుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి మానవద్దంటాం. నెలకోసారి కొండెక్కితే పుణ్యం వస్తుందేమో గానీ షుగర్ అదుపులోకి రాదు.

నడకా, బరువులా అన్న తగువు అనవసరం. వేగంగా నడిస్తే పొట్ట లోపలి కొవ్వు, కాలేయంలోని కొవ్వు తగ్గుతాయి. బరువులు ఎత్తితే గ్లూకోజును దాచుకునే కండరం పెరుగుతుంది. రెండూ చేసేవారికే సాధారణంగా ఎక్కువ మేలు. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో వారానికి 150 నిమిషాలు నడవండి. రెండు మూడు రోజులు కండరాలకు పని చెప్పండి. దానికి జిమ్ ఫీజు కట్టనక్కరలేదు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడంతో మొదలుపెట్టవచ్చు. రాత్రి భోజనం తర్వాత పావుగంట నడక మరవద్దు. దుకాణంలో అరగంటకోసారి లేవండి. ఫోనులో చూసే హిట్ వ్యాయామాలు (కాసేపు చాలా తీవ్రంగా, కాసేపు నెమ్మదిగా చేసేవి) తక్కువ సమయంలో ఫలితమిస్తాయి, నిజమే. కానీ బీపీ, ఈసీజీ చూపించుకోకుండా వాటి జోలికి వెళ్లవద్దు.

తూకంలో ముల్లు కదలకపోయినా ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది, నిరాశపడి మానేయకండి. అలాగని బరువును వదిలేయమని కాదు. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మీ విషయంలో అది ఆరున్నర కిలోల లోపే. రాగి సంగటి మంచిదే, ముద్దలు పెరగనంతవరకు!

కొండకు వెళ్లడం మానవద్దు. దిగేటప్పుడు మాత్రం మోకాళ్లపై భారం పడుతుంది కనుక బస్సులో రండి. ఎక్కుతుండగా ఛాతీ బిగిసినా, విపరీతమైన ఆయాసం వచ్చినా వెంటనే ఆగి సాయం కోరండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత చేయించండి. ముందే చేయిస్తే పాత రోజుల షుగర్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది.